గోవింద్‌పూర్ ఇటుక బట్టీలో కొత్తవాళ్ళు

పర్సుడీహ్, జంషెడ్‌పూర్
20 ఆగస్టు 2007

సత్యం,

ఆశీస్సులు ఉత్తరం చివర్లో ఇస్తాను. ముందు తిట్లు అందుకో.

నిన్న ఆదివారం. నైట్ డ్యూటీ చేసి వచ్చి అప్పుడే కన్ను మూశాను. అమ్మ కేక. "ఓలమ్మా సుధా, లేవే! ఎవులో గుంపుగా వచ్చినారు. నిన్నే అడుగుతన్నారు." బయటికొస్తే గుమ్మంలో ఆరేడుగురు. అందరికంటే ముందు కాసిడీహ్ నుంచి వచ్చిన అనురాగ్, ఆ ఇంజనీరుగారబ్బాయి. "నమస్తే దీదీ. సత్యం భయ్యా సామాను మీ మంచం కింద ఉందన్నారు. సండే కదా, లేకే జాతే హై" అన్నాడు, పాలప్యాకెట్టు తీసుకెళ్ళడానికి వచ్చినంత తేలిగ్గా.

మంచం కింద నుంచి గోనెసంచి లాగి మూతి విప్పాను. అన్నీ నల్లటి తుపాకులు! అమ్మ గోడకి అతుక్కుపోయింది. "మనోడు ఏటి సేత్తన్నాడే అక్కడ? అడివిలోళ్ళతో కలిసిపోనాడేటే?" అని ఒకటే ఏడుపు. ప్లాస్టిక్‌వని అనురాగ్ ఒకటి చేతికిస్తే గానీ నమ్మలేదు. నువ్వు గనుల ఉద్యోగానికి వెళ్ళి నెల దాటింది. ఇన్నాళ్ళూ నేను వాటి మీద పడుకున్నానన్నమాట!

నేను కళ్ళ వార్డులో నర్సునని నీకు గుర్తుందా? పోయిన దీపావళికి బజారు బొమ్మ తుపాకీ గుండు తగిలి ఒక పిల్ల వచ్చింది. ఆ పిల్లకి కట్టు కట్టింది నేనే. కన్ను దక్కింది గానీ ఇప్పటికీ పుస్తకం చదవాలంటే తల పక్కకి తిప్పుకుంటుంది. అలాంటి తుపాకులు నా ఇంట్లోనే, నా మంచం కిందే దాచావు.

సంచి ఇవ్వలేదు. టీ ఇచ్చి పంపించాను. వాళ్ళలో ఇద్దరు కొత్తవాళ్ళట, ఆరోజే మొదటిసారి ఆడదామని వచ్చారు. ఒకడు మన స్టాండులో ఆటో నడిపే జగ్గారావు, నలభై ఏళ్ళ మనిషి. రెండోది స్టేషన్ దగ్గర ఫోన్ బూత్‌లో కూర్చునే పైడితల్లి. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. అది చూసి కాస్త బాధేసిందన్న మాట నిజం.

ఫోన్ చేద్దామంటే నీ కొండల్లో సిగ్నల్ దొరకదు. మన వీధి నీలకంఠం లారీ ఎలాగూ ఖనిజం కోసం అటు వస్తుంది కదా, అతని చేతికిస్తున్నాను. వచ్చే నెల లోపు జవాబు రాకపోతే సంచి పాతసామాన్లవాడికి.

ఆశీస్సులు.
సుధక్క


బడ్బిల్ గనుల క్యాంపు, ఒరిస్సా
2 సెప్టెంబరు 2007

అక్కకి,

తిట్లన్నీ భద్రంగా అందాయి. అమ్మని ఊరుకోబెట్టు. నేను ఖనిజం మోసే డంపర్ల కింద పడుకుని గ్రీజు పూసుకోవడం తప్ప ఏ అడివిలోనూ కలవలేదు.

చెప్పకుండా పెట్టడం తప్పే. చెబితే పెట్టనివ్వవని పెట్టాను.

ఆ ఆట పేరు ఎయిర్‌సాఫ్ట్. విదేశాల్లో ఆడతారని అనురాగ్ ఇంటర్నెట్‌లో చూసి చెప్పాడు. రెండు జట్లు. ఒకళ్ళు జెండా కాపాడతారు, ఇంకొకళ్ళు తీసుకుపోవాలి. శనగగింజంత ప్లాస్టిక్ గుళ్ళు. తగిలితే చెయ్యెత్తి "హిట్" అని బయటికి వచ్చెయ్యాలి. మనవి చాలావరకు సాక్చీ బజారువే, స్ప్రింగువి. రెండు మాత్రం అనురాగ్ బావగారు బయటి దేశం నుంచి తెచ్చారు. అవి గట్టిగా కొడతాయి.

ఇందులో ఏముందని అడుగుతావు. ఒక్క సంగతి చెబుతాను. గుండు తగిలిందన్నది తగిలినవాడికే తెలుస్తుంది. అంపైరు లేడు. తగల్లేదని అబద్ధమాడితే పట్టుకునేవాడు లేడు. అయినా ఆదివారం తర్వాత ఆదివారం, చెట్టంత మగాళ్ళు ఎవరూ చూడకపోయినా చెయ్యెత్తి బయటికి నడిచి వచ్చేవాళ్ళు. అది చూస్తే నాకు వారమంతా బాగుండేది. షిఫ్టులో ఆఫీసరు నా ముఖం కూడా చూడడు, ఆయన కొడుకు అనురాగ్ గోవింద్‌పూర్ ఇటుక బట్టీ గోడ వెనక నా పక్కనే బోర్లా పడుకుని, "భయ్యా, మీరు చెప్పండి, ఎటు వెళ్దాం?" అని అడిగేవాడు.

ఇక్కడ నాకింకా ఎవరూ అలవాటు కాలేదు. డ్యూటీ అయ్యాక గదిలో పడుకుని ఆ బట్టీనే తలుచుకుంటాను.

అమ్మెయ్యకు అక్కా. ఒక్క ఆదివారం నువ్వే వెళ్ళి చూడు. నీకు నచ్చకపోతే అప్పుడు నీ ఇష్టం.

సత్యం


పర్సుడీహ్, జంషెడ్‌పూర్
25 సెప్టెంబరు 2007

సత్యం,

వెళ్ళాను. ఒకసారి కాదు, రెండుసార్లు.

గోవింద్‌పూర్‌లో లారీల ఫ్యాక్టరీ కాలనీ దాటి అంత దూరం జగ్గారావు నన్నూ, సంచినీ ఆటోలో తీసుకెళ్ళాడు. మూతపడ్డ ఇటుక బట్టీ, సగం కూలిన గోడలు, నడుమెత్తు గడ్డి. బాగానే ఉంది, మనుషులు దాక్కోవడానికీ, పాములు దాక్కోవడానికీ కూడా. వాళ్ళ ముఖాలు చూశాను. అనురాగ్‌కి ఒక్కడికే సరైన ముసుగుంది. మిగతావాళ్ళు కూలింగ్ గ్లాసులు పెట్టుకున్నారు. ఒకాయన ముందు అద్దం లేని హెల్మెట్.

"ఆట మొదలెట్టే ముందు నాదొక ఆట" అన్నాను. సంతలో కొన్న గుమ్మడికాయని గోడ మీద పెట్టి, దానికి ఒకరి కూలింగ్ గ్లాసులు తొడిగాను. ఆ విదేశీ తుపాకీతో నాలుగడుగుల నుంచి కొట్టమన్నాను. అనురాగే కొట్టాడు. అద్దం పగిలి ముక్కలు గుమ్మడికాయలో దిగబడ్డాయి. వర్క్‌షాపులో గ్రైండింగ్‌కి పెట్టుకునే గాగుల్స్ తొడిగి మళ్ళీ కొట్టించాను. గీత కూడా పడలేదు. పైడితల్లి వెళ్ళి గుమ్మడికాయలో అద్దపు ముక్క గోటితో లాగి చూసింది. "అక్కా, ఇది కన్నయితే?" అంది. అంతే, ఆ రోజుకి అందరినీ ఇళ్ళకి పంపేశాను.

తర్వాతి ఆదివారం అందరూ గాగుల్స్‌తోనే వచ్చారు. సరే, బాగుందనుకున్నాను. ఇంతలో ఏం చేశారో తెలుసా? జగ్గారావుని గోడకేసి తిప్పి నిలబెట్టారు. పాతవాళ్ళంతా వరసగా నిలబడి వీపు మీద కొట్టడానికి సిద్ధం. ఏమిటిదంటే "స్వాగతం దీదీ, హర్ నయే కా హోతా హై, కొత్తవాళ్ళందరికీ ఉంటుంది" అని నవ్వారు. నువ్వు పెట్టిన ఆచారమేనట.

నేను మధ్యలో వెళ్ళి నిలబడ్డాను. "మా వార్డుకి కొత్త నర్సు వస్తే ముందు ఆమెకి సూదులు గుచ్చి చూడం. రోగి దగ్గరికి తీసుకెళ్ళి ఏది ఎక్కడుందో చూపిస్తాం" అన్నాను. వాళ్ళకంటే జగ్గారావుకే ఎక్కువ కోపమొచ్చింది. "అందరికీ సేసినారు కదమ్మా, నాకొక్కడికే ఎందుకొద్దు? నాను భయపడతాననుకున్నారేటి?" అన్నాడు. అతన్ని కాపాడాననుకున్నాను గానీ, అతనికి మాత్రం అందరిలో కలవకుండా చేశానన్నట్టు అనిపించింది. అది ఇంటికొచ్చాక అర్థమైంది.

సంచి మళ్ళీ నా మంచం కిందికే చేరింది. అమ్మ మాత్రం ఆ గదిలోకి రావడం మానేసింది.

సుధ


బడ్బిల్ గనుల క్యాంపు, ఒరిస్సా
16 అక్టోబరు 2007

అక్కకి,

గుమ్మడికాయ సంగతి చదివి ఒక్కడినే నవ్వుకున్నాను. మాకెవరికీ తట్టలేదు. మంచి పని చేశావు.

స్వాగతం గురించి మాత్రం నువ్వు మరీ పెద్దది చేస్తున్నావు. అది సరదా. వీపు మీద నాలుగు గుళ్ళు తగిలితే మనిషి చావడు. ఆ నొప్పి పడ్డాకే వాడు మనవాడవుతాడు. నేను పడ్డాను, అనురాగ్ పడ్డాడు. ఎవరూ ఏడవలేదు.

అంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. ఈ మధ్య మన చుట్టుపక్కల అడవిలోవాళ్ళ కోసం పోలీసుల గస్తీలు పెరిగాయని నీలకంఠం చెప్పాడు. బొమ్మలని చూడగానే తెలిసేలా తుపాకుల మూతికి నారింజరంగు వెయ్యాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను, అవలేదు. నువ్వు వేయించు. బట్టీ గోడలు దాటి ఒక్కటి కూడా సంచిలోంచి బయటికి రాకూడదు. పాతవాళ్ళకి ఇది తెలుసు, వేరే చెప్పక్కర్లేదు.

దీపావళికి రాలేను. పని ఎక్కువ. అమ్మకి నువ్వే నచ్చజెప్పు. ఎక్కువ రాయలేకపోతున్నాను.

సత్యం


పర్సుడీహ్, జంషెడ్‌పూర్
21 నవంబరు 2007

సత్యం,

మేమంతా క్షేమం. వార్డులో దీపావళి రద్దీ ఇప్పుడిప్పుడే తగ్గింది. అమ్మ నీకోసం చేగోడీలు పంపిస్తోంది.

నీ పోయిన ఉత్తరంలో అక్షరాలు ఎండ్రకాయ నడిచినట్టున్నాయి. ఒంట్లో బాగుందా?

వేరే విశేషాలేమీ లేవు.

సుధ


బడ్బిల్ గనుల క్యాంపు, ఒరిస్సా
2 డిసెంబరు 2007

అక్కకి,

చేగోడీలు అందాయి. నీ ఉత్తరమే అందలేదు. ఆ కాగితం మీద ఉన్నది ఉత్తరం కాదు. నువ్వు కూరలో ఉప్పెక్కువైందని చెప్పడానికే రెండు పేజీలు రాస్తావు.

నీలకంఠాన్ని అడిగితే తల గోక్కున్నాడు. "నాకేటి తెల్దు బాబూ, మీ అక్క సెప్పొద్దన్నాది" అన్నాడు. చెప్పొద్దన్నదేదో ఉందని అలా తెలిసింది. చివరికి జగ్గారావుని పోలీసులు పట్టుకున్నారనీ, ఆట ఆగిపోయిందనీ మాత్రం బయటపెట్టాడు. ఇంకేమడిగినా లారీ స్టార్ట్ చేశాడు.

ఏం జరిగింది? ఎవరికైనా దెబ్బ తగిలిందా? రాత్రి నిద్రపట్టడం లేదు. ఉన్నదున్నట్టు రాయి.

సత్యం


పర్సుడీహ్, జంషెడ్‌పూర్
9 డిసెంబరు 2007

సత్యం,

ఎవరికీ ఏమీ కాలేదు. ముందు అది చదువుకుని ఊపిరి పీల్చుకో. తర్వాత మిగతాది.

నీ ఉత్తరం రాగానే నారింజరంగు డబ్బా తెచ్చాను. పండగ హడావుడిలో వెయ్యడం వాయిదా పడింది. దీపావళి తర్వాతి ఆదివారం ఆట మధ్యలో విరామం. నేను అవతల ఒకాయన చీలమండ బెణికితే కట్టు కడుతున్నాను. జగ్గారావుకి టీ తాగాలనిపించింది. రోడ్డు మీద కొట్టుకి బయల్దేరాడు, తుపాకీ భుజాన వేసుకుని. కొట్టువాడికి చూపించి మురుద్దామని. పైడితల్లి కూడా టీకని వెనకాలే వెళ్ళింది, ఖాళీ చేతులతో.

వాళ్ళు కొట్టు చేరేసరికి పోలీసు జీపు వచ్చి ఆగింది. నలుగురు దిగారు. "హాథ్ ఊపర్!" అని చేతులెత్తమంటూ అరుపు. జగ్గారావు నవ్వుకుంటూ వాళ్ళ వైపు తిరిగాడు, "అరే సాబ్, ఖిలౌనా హై" అంటూ అది బొమ్మేనని చూపిద్దామని. తుపాకీ చేతిలోనే ఉంది, మూతి వాళ్ళవైపే. నల్లటి మూతి.

పైడితల్లి గొంతు బట్టీలో ఉన్న నాకు వినిపించింది. "జగ్గన్నా, పడెయ్! పడెయ్యన్నా! సూపించకు, కింద పడెయ్!" అతను బిత్తరపోయి వదిలేశాడు. అది సిమెంటు మీద పడి పిడి ఊడిపోయింది. ప్లాస్టిక్ అని అప్పుడు తెలిసింది వాళ్ళకి. మేం పరిగెత్తి వెళ్ళేసరికి ఇద్దరూ మోకాళ్ళ మీద ఉన్నారు.

ఠాణా అధికారి దరోగా మమ్మల్ని కొట్టలేదు, తిట్టలేదు. అలా చేసినా బాగుండేది. మంచినీళ్ళిప్పించి హిందీలో మెల్లగా అన్నాడు, "దీదీ, మా కుర్రాడి వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. ఆ అమ్మాయి అరవకపోతే ఇప్పుడు నేను మీకు వేరే మాట చెబుతూ ఉండేవాణ్ణి." తర్వాత, "ఇక్కడ జిమ్మేదార్ ఎవరు? బాధ్యత ఎవరిది?" అని అడిగాడు. అందరూ నేల చూశారు. నేనే అన్నాను. సంచి అక్కడే ఉంచేశాడు.

నీకెందుకు రాయలేదంటే, రాయడానికి కూర్చున్నప్పుడల్లా జగ్గారావు భార్య వరహాలమ్మ ముఖం కళ్ళముందుకొచ్చేది. ఆమెకి నేనేం చెప్పేదాన్ని?

జగ్గారావు ఇల్లు కదలడం లేదు. అనురాగ్ వాళ్ళు అతన్ని తీసెయ్యాలనీ, ఇకమీదట కొత్తవాళ్ళని అసలు చేర్చుకోకూడదనీ అంటున్నారు. నాకూ అదే సబబనిపించింది. నిన్న పైడితల్లి వచ్చి గుమ్మంలోనే నిలబడి దెబ్బలాడింది. "అక్కా, కొత్తోళ్ళని ఒద్దంటే ఆళ్ళు ఆడడం మానేత్తారేటి? సాక్చీలో ఒకటి కొనుక్కుని రోడ్డు మీదే ఆడతారు. అప్పుడు పడెయ్ అని ఎవులు అరుత్తారు?" అంది.

నువ్వు రాశావు చూడు, పాతవాళ్ళకి తెలుసని. నిజమే, పాతవాళ్ళకి తెలుసు. జగ్గారావుకి ఎవరూ చెప్పలేదు. నేను కూడా.

సుధ


బడ్బిల్ గనుల క్యాంపు, ఒరిస్సా
23 డిసెంబరు 2007

అక్కకి,

నీ ఉత్తరం అందింది. నువ్వు దాచింది చెప్పావు గనక నేను దాచింది కూడా చెబుతాను. ఇప్పుడు బాగానే ఉన్నాను, కాబట్టి కంగారుపడకు.

ఎండ్రకాయ అక్షరాలు ఎడమచేత్తో రాసినవి. కుడి మణికట్టు విరిగింది, సెప్టెంబరు ఆఖర్లో. అందుకే దీపావళికి రాలేదు. కట్టుతో వస్తే అమ్మ మళ్ళీ పంపదని.

గనిలో డంపర్ వెనక ఒక చోటుంది, డ్రైవరుకి అద్దంలో కనపడదు. ఇక్కడి పాతవాళ్ళంతా నిద్రలో కూడా అటు నడవరు. నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. జంషెడ్‌పూర్ నుంచి వచ్చిన మెకానిక్కుని, అడిగితే చిన్నతనం అనుకున్నాను. నేను అక్కడ నిలబడి పాట పాడుకుంటుంటే డంపర్ వెనక్కి వచ్చింది. చివరి క్షణంలో పక్కకి దూకి రాళ్ళ మీద పడ్డాను. చెయ్యి విరగడంతో పోయింది.

పడినప్పటి నొప్పి కంటే లేచాక నవ్వులు ఎక్కువ బాధపెట్టాయి. మన ఊరి పేరు కలిపి "టాటా కా హీరో" అని పిలవడం మొదలెట్టారు. క్యాంటీన్‌కి వెళ్ళడం మానేశాను. నీ ఉత్తరంలో జగ్గారావు ఇల్లు కదలడం లేదని చదవగానే నాకు నేనే కనిపించాను.

మా ఫోర్‌మన్ మహాంతిబాబు మాత్రం నవ్వలేదు. కట్టు విప్పాక నాకొక ఆకుపచ్చ హెల్మెట్ ఇచ్చి, పాతవాణ్ణొకణ్ణి జోడీగా పెట్టాడు. నేనెక్కడుంటే అతనక్కడుండాలి. మొదట్లో ఆ రంగు చూస్తే సిగ్గేసేది. కానీ అక్కా, ఆకుపచ్చ కనపడగానే డ్రైవర్లు హారన్ కొట్టి ఆగడం మొదలెట్టారు. నా వైపు చూడనివాళ్ళు కూడా "అటు కాదు, ఇటు రా" అనడం మొదలెట్టారు. ఆ టోపీ పెట్టుకున్నది నేనైనా జాగ్రత్త పడాల్సింది వాళ్ళే. ఆ ఏర్పాటు ఆయన నాకోసమే చేశాడు, ఇప్పుడు కొత్తగా వచ్చే అందరికీ చేస్తున్నాడు.

వీపు మీద కొడితే మనవాడవుతాడని రాశాను కదా. నాకు జరిగాక చూస్తే, పడినవాడిని చూసి నవ్వినవాళ్ళెవరూ నాకు దగ్గర కాలేదు. పక్కన నడిచినవాడే అయ్యాడు. నువ్వు చెప్పిందే సరైనది.

జగ్గారావుని తీసెయ్యకండి. ఈ హెల్మెట్ సంగతి మీకేమైనా పనికొస్తుందేమో ఆలోచించు.

సత్యం


పర్సుడీహ్, జంషెడ్‌పూర్
18 ఫిబ్రవరి 2008

సత్యం,

చెయ్యి విరిగిన సంగతి అమ్మకి చెప్పేశాను. నువ్వు వచ్చినప్పుడు చీపురుకట్ట సిద్ధంగా ఉంటుంది. నేను కూడా రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. మూడో రోజు జగ్గారావు ఇంటికి వెళ్ళాను.

వరహాలమ్మ తలుపు తీసింది. తిడుతుందనుకున్నాను. "రండమ్మా. ఆయన ఇప్పుడిప్పుడే ఆటో తీత్తన్నాడు, జనాన్ని దించి ఎల్లిపోతన్నాడు. స్టాండులో ఎవులతోటీ మాటాడట్లేదు. మీరైనా ఒక మాట సెప్పండి" అంది. జగ్గారావు మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు, తలెత్తలేదు.

"నా వల్ల మీరు ఠాణా మెట్లెక్కినారు. నానింక రానమ్మా" అన్నాడు.

"నీకు చెప్పాల్సింది మేము చెప్పలేదు జగ్గారావూ. చెప్పాక కూడా తప్పు చేస్తే అప్పుడు మానేద్దువు గాని" అన్నాను.

మళ్ళీ మంచం అంచున కూర్చున్నాడు. తర్వాత, "ఆ పోలీసు గుంటడు మా మేనల్లుడంత ఉంటాడు. ఆడి సెయ్యి వణకతంది, నాను సూసినాను" అన్నాడు. అతను ఇన్నాళ్ళూ తలుచుకుంటున్నది తన ప్రాణం గురించి కాదు సత్యం, ఆ కుర్రాడి గురించి.

అనురాగ్ దగ్గర కష్టమైంది. "దీదీ, ఉస్ కీ వజహ్ సే సబ్ బంద్ హువా" అన్నాడు, అంతా అతని వల్లే ఆగిపోయిందని. నేను ఒకటే అడిగాను, ఆరోజు జగ్గారావు తుపాకీతో టీకి బయల్దేరుతుంటే నువ్వెక్కడున్నావని. ముఖం మారిపోయింది. "అక్కడే ఉన్నాను. చూశాను. కొత్తవాడు కదా అని నవ్వుకున్నాను" అన్నాడు, ఈసారి తెలుగులో. నీ ఆకుపచ్చ హెల్మెట్ సంగతి చెప్పాక తనే అడిగాడు, జగ్గారావుకి జోడీగా తను ఉండొచ్చా అని.

జగ్గారావుతో కలిసి ముగ్గురం ఠాణాకి వెళ్ళాం. రంగు డబ్బా కూడా పట్టుకెళ్ళాను. దరోగా పెద్దగా నవ్వి, వరండాలో కాగితాలు పరిపించాడు. అక్కడే కూర్చుని అన్నిటి మూతులకీ రంగు వేశాం. ఆ జీపులో వచ్చిన కుర్ర కానిస్టేబులు దూరం నుంచి చూస్తూ నిలబడ్డాడు. జగ్గారావు లేచి వెళ్ళి అతని చెయ్యి పట్టుకున్నాడు. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. ఆదివారం ఆట ఉంటే ముందురోజు ఠాణాలో చెప్పాలి, బట్టీ యజమాని ఒప్పుకోవాలి, పక్క బస్తీవాళ్ళకి తెలియాలి. ఇవన్నీ అయ్యేసరికి ఫిబ్రవరి వచ్చింది.

నిన్న మళ్ళీ మొదలైంది. ముగ్గురు కొత్తవాళ్ళొచ్చారు. కొత్తవాళ్ళకి జబ్బకి ఆకుపచ్చ గుడ్డ కడుతున్నాం. ఒక్కొక్కరికీ ఒక జోడీ. మొదటి రోజు చేతికి తుపాకీ ఇవ్వం. జోడీ వెనక నడుస్తూ ఆట ఎలా సాగుతుందో చూడాలి, ఎప్పుడు ఆగాలో, కళ్ళద్దాలు ఎప్పుడు తియ్యకూడదో తెలుసుకోవాలి. వాళ్ళకి ముందుగా మాట్లాడాల్సింది జగ్గారావేనని పైడితల్లి పట్టుబట్టింది. అతను గొంతు సవరించుకుని అన్నాడు, "బాబూ, మీకు నవ్వొత్తే నవ్వుకోండి, నాను సచ్చి బతికినోడ్ని. రోడ్డు మీద పోలీసోడికి మన నవ్వు అగుపడదు. మన సేతిలోదే అగుపడతాది. ఈ గోడ దాటితే ఇది సంచిలో ఉండాల. మర్సిపోతే మీ జోడీని అడగండి. అడిగితే ఎవులూ నవ్వరు. నవ్వితే నాకు సెప్పండి." ఎవరూ నవ్వలేదు.

మధ్యాహ్నం ఆటలో అతను జెండా దగ్గరదాకా పాకుతూ వెళ్ళాడు. అటు ఎవరి చూపూ లేదు. ఇంకో రెండడుగులు వేస్తే గెలుపే. ఉన్నట్టుండి చెయ్యెత్తి "హిట్!" అని అరిచి లేచి బయటికి నడిచాడు. ఎక్కడో మడమకి తగిలిందట. కొట్టినవాడికే తెలియదు. నువ్వు రాసింది అప్పుడు అర్థమైంది నాకు.

ఇంకొకటి. చివరి ఆటకి మనుషులు తక్కువయ్యారని నన్ను కూడా దింపారు. గుడ్డ కట్టుకున్నాను, పైడితల్లి జోడీ. గడ్డిలో పడుకుని ఆకాశం చూసి ఎన్నేళ్ళయిందో! రెండు నిమిషాలు కాకుండానే భుజానికి తగిలింది. చీమ కుట్టినట్టుంది. "హిట్" అని ఎంత గట్టిగా అరిచానంటే అందరూ ఆట ఆపి నవ్వారు. నేనూ నవ్వాను.

హోళీకి సెలవు పెట్టి రా.

సుధక్క


బడ్బిల్ గనుల క్యాంపు, ఒరిస్సా
31 మార్చి 2008

అక్కకి,

క్షేమంగా చేరాను. అమ్మ పెట్టిన ఊరగాయ సీసా దారిలో పగలలేదు.

హోళీకి వచ్చినప్పుడు, నేను పెట్టిన ఆట అని గర్వంగా బట్టీకి వస్తే ఒక్కరు కూడా నన్ను పట్టించుకోలేదు. నీతో అనలేదు గానీ మొదట కాస్త గుచ్చుకుంది. సగం ముఖాలు కొత్తవి. నా గాగుల్స్ పట్టీ వదులుగా ఉందని ఎవరో బ్యాంకు గుమస్తాగారు ఆపేశారు, బిగించాకే లోపలికి వదిలారు. ఆయన చేరి నాలుగు వారాలేనట. గోడ నీడన కూర్చుని చూస్తుంటే మెల్లగా సంతోషం వేసింది. నేను లేకపోయినా అది నడుస్తోంది. నేనున్నప్పటికంటే బాగా నడుస్తోంది.

అందుకే నీకో మాట చెప్పాలి. ఇక్కడ నన్ను పర్మనెంట్ చేస్తామన్నారు. రెండు నెలలుగా నాన్చుతున్నాను. మొన్న ఒప్పుకున్నాను. సంచి ఇక నీదే.

ఇవాళ సోమవారం. నోవాముండి వైపు నుంచి ఒకతను కొత్తగా చేరాడు, పేరు సోమా. ఆకుపచ్చ హెల్మెట్ కళ్ళమీదకి జారిపోతోంది. షెడ్డు దగ్గర ఒక్కడే నిలబడి అందరి ముఖాలూ చూస్తున్నాడు. అవతల బెంచీ మీద మనవాళ్ళు నలుగురు అతన్ని చూసి ఏదో అనుకుని నవ్వుకుంటున్నారు. నేను టీ గ్లాసు కింద పెట్టి లేచాను. మహాంతిబాబుని అడిగి, అతనికి జోడీగా నా పేరు చెప్పుకున్నాను.

పక్కకి వెళ్ళి నిలబడితే జారుతున్న హెల్మెట్‌ని పైకి తోసుకున్నాడు. తర్వాత నేను వచ్చిన రోజున అడగలేకపోయిన మాట అడిగాడు.

"భయ్యా, ఎక్కడ నిలబడాలి?"

డంపర్ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను.

సత్యం